సోలార్ ప్లేట్లకు పెట్టిన బొట్లు

పాలమూరు వైపు పని పడిందంటే నాకు ముందు నడుము గుర్తొస్తుంది, ఆ తర్వాతే ఊరు. కట్టంగూరులో బస్సెక్కి నల్లగొండ, అక్కడ మారి దేవరకొండ, మళ్ళీ మారి కల్వకుర్తి, ఆపైన జడ్చర్ల. జిల్లాలను ముక్కలు చేసి చిన్నవి చేశారు గానీ దూరాలను ఎవరూ చిన్నవి చేయలేదు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన దగ్గర్నుంచి కండక్టరు సున్నా టికెట్టు చేతిలో పెడుతున్నాడు. సీటు దొరకడం మాత్రం మన అదృష్టం. చార్టుల చుట్ట చంకలో పెట్టుకుని, స్కెచ్ పెన్నుల సంచి భుజాన వేసుకుని రాడ్డు పట్టుకుని నిలబడితే, ఈ వయసులో నాకిది అవసరమా అని దారి పొడుగునా అనుకుంటాను. అనుకుంటూనే వెళ్తాను.

నా పనేమిటంటే పల్లెల్లో ఆడవాళ్ళను కూర్చోబెట్టి వాళ్ళ కథలు వాళ్ళ నోటితోనే చెప్పించడం. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక స్వచ్ఛంద సంస్థలో కాంట్రాక్టు మీద చేరాను. ఏటా పొడిగిస్తారు, పొడిగించే ముందు ఏటా భయపెడతారు. మొదట మరుగుదొడ్ల మీద కథలు చెప్పించాను. తర్వాత నల్లా నీళ్ళ మీద, ఆ తర్వాత పొగ రాని పొయ్యిల మీద. విషయం మారినప్పుడల్లా గోడకు కట్టే ఫ్లెక్సీ మారుతుంది, పెట్టే ఉప్మా మాత్రం మారదు. ఇప్పుడు నడుస్తున్నది సోలార్.

నిరుడు ఎండలు ముదురుతున్న రోజుల్లో జడ్చర్ల దాటి లోపలికి ఉన్న ఒక ఊళ్ళో శిబిరం పెట్టారు. మహిళా సంఘం భవనంలో ఫ్లెక్సీ కట్టాం. దాని మీద ‘శుద్ధ ఇంధన పరివర్తనలో స్త్రీ పురుష సమానత్వం: కథల శిబిరం’ అని రాసి ఉంది. గోడ సరిపోక చివరి మాట కిటికీ మీదికి పోయింది. ఒక ముసలవ్వ దానికేసి కాసేపు చూసి, పక్కామెతో చదివించుకుని, “పేరు గింత పొడుగున్నది, బువ్వ పెడ్తరా లేదా బిడ్డా?” అని నన్ను అడిగింది. పెడతామన్నాను. ఆమె ఊరడిల్లి గోడకు చేరగిలబడింది. ఆ ఊళ్ళో నాకు మొదట నచ్చిన మనిషి ఆ అవ్వే.

ఊరి సంగతి చెప్పాలి. ఎర్ర చెలక నేలలు, బోరు వేస్తే దుమ్ము వచ్చే చోటు. వానాకాలం కంది, ఆముదం, కొంచెం జొన్న. సోలార్ కంపెనీ వాళ్ళు వచ్చి ఏళ్ళ తరబడి కౌలుకు ఇమ్మంటే మగవాళ్ళు సంబరంగా ఇచ్చారు. పాసుపుస్తకాలు వాళ్ళ పేర్ల మీదే కాబట్టి సంతకాలూ వాళ్ళవే, కౌలు పడే ఖాతాలూ వాళ్ళవే. చేలన్నిటి చుట్టూ ఇనుప కంచె వచ్చింది. లోపల వరుసలు వరుసలుగా నీలం పలకలు నిలబడ్డాయి. వాటిని అక్కడ అందరూ ప్లేట్లు అంటారు. ఆడవాళ్ళకు పోయినవి ఏ కాగితం మీదా లేనివి: కలుపు తీసే కూలి, గేదెకు కోసుకొచ్చే పచ్చగడ్డి, పొయ్యిలోకి కందికట్టె, బతుకమ్మకు తంగేడు పువ్వు. వచ్చింది ఒక్కటే, కొద్దిమందికి ప్లేట్లు కడిగే పని. ట్యాంకరు నీళ్ళు పైపుతో కొట్టి, పొడుగు కట్టెకు బిగించిన వైపరుతో తుడవాలి. శిబిరం నాటికి ఆ పని కూడా ఆడవాళ్ళ చేతిలో లేదు. దసరా అయిన మర్నాడే వాళ్ళను మానిపించి మగవాళ్ళను పెట్టుకున్నారని మాటల్లో తెలిసింది. ఎందుకని అడిగితే అందరూ నవ్వారు గానీ ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజు నేనెప్పుడూ చేయించే పనే చేయించాను. సోలార్ వచ్చాక మీ బతుకులో ఏం మారిందో దాన్ని గుర్తుచేసే వస్తువు ఒకటి ఇంటి నుంచి పట్టుకు రండి, దాని కథ చెప్పండి అన్నాను. ఒకామె తుప్పు పట్టిన కొడవలి తెచ్చింది. గడ్డి కోసే జాగా లేక అది చూరులోనే ఉండిపోయిందట. ఇంకొకామె కొత్త సెల్‌ఫోన్ తెచ్చింది. “నాది కాదు మేడమ్, మా ఇంటాయనది. కౌలు పైసలతోటి కొన్నడు. అడిగి తెచ్చిన, ఫోనొస్తె ఉరికిపోయి ఇయ్యాలె,” అంది. అవ్వ చేట తెచ్చి, చెరగడానికి కందులే లేనప్పుడు ఇదెందుకని మధ్యలో బోర్లించింది. అందరూ ఇష్టంగా చెప్పారు. ఇలాంటి పూటే నాకు కాస్త ప్రాణం లేచి వస్తుంది.

అప్పుడు మూల కూర్చున్న ఒకామె కొంగుముడి విప్పి చిన్న కుంకుమ భరిణె తీసింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఎండకు మాడిన ముఖం, పొడుగు చేతులు. భరిణె బయట పెట్టిందో లేదో గది గదంతా నవ్వింది. కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. “కరెంటుకు బొట్టు పెట్టినామె!” అని ఎవరో అన్నారు. ఊళ్ళో ఆమెకు అదే పేరు పడిపోయిందని ఆ తర్వాత తెలిసింది. పిల్లలు కూడా బడికి పోతూ పోతూ అలాగే పిలుస్తారట.

“ఏం లేదు మేడమ్, ఊకె తెచ్చిన,” అని ఆమె భరిణెను మళ్ళీ ముడేసుకుంది.

నేను బలవంతం చేయలేదు. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే, కథ గుండ్రంగా కూర్చున్నప్పుడు రాదు, టీ గ్లాసులు కడిగేటప్పుడు వస్తుంది. ఆరోజు సాయంత్రం గ్లాసులు కడగడానికి ఆమె నల్లా దగ్గరికి వెళ్తే నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె నా ముఖం చూడకుండా, గ్లాసులనే చూస్తూ చెప్పింది.

“దసరా నాడు మేడమ్. ఇంట్ల కొడవలికి, పారకు, బండికి అన్నిటికి కడిగి బొట్లు పెడ్తం గద. మరి నేను పని చేసుకునేది ప్లేట్ల మీద. వాటికి పెట్టకుంటె ఎట్ల? మిషిన్ రూముల సారోళ్ళు పూజ చేస్తాన్రని ఎరుకైంది. మమ్మల్ని గూడ పిలుస్తరని కొత్త చీరలు కట్టుకొని గేటు కాడ నిలబడ్డం. పిలువలే. వాళ్ళు కొబ్బరికాయ కొట్టుకొని, పేడాలు పంచుకొని పోయిండ్రు. ఇగ మేమే లోపటికి పోయి మా వరుసలకు మేము బొట్లు పెట్టుకున్నం.”

“అన్ని ప్లేట్లకూనా?”

“నేను కడిగేటియన్నిటికి. ఒక్కటి ఇడిసిపెడ్తె అది ఏమనుకుంటది?”

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. అద్దం మీద పసుపు నిలవడం లేదని కొంచెం నూనె కలిపిందట. ఆ నూనెకు దుమ్ము పట్టింది, నీళ్ళు కొడితే పోలేదు, రుద్దితే పసుపు ప్లేటంతా జిడ్డుగా పరుచుకుంది. మర్నాడు ఆఫీసులో కంప్యూటరు మీద ఆ వరుసల కరెంటు తగ్గి కనబడింది. మేనేజరు వచ్చి చూశాడు. వరుస మొదటి నుంచి చివరిదాకా నాలుగు మూలల్లో పసుపు, నడుమ కుంకుమ. ఆ సాయంత్రమే ఆడవాళ్ళనందరినీ మానిపించాడు.

“నేను నూనె కలపకుంటె గింత కాకపోవు. నా ఒక్కదాని తోటి అందరి పని పోయింది,” అంది. ఇంకో గ్లాసు అందుకుని, “ఆ వరుసలు మా చేన్ల ఉన్నయి మేడమ్. మా కంది చేను. ఏ ప్లేటు కింద మా గట్టుండెనో, యాడ మా మామ రేగుచెట్టు నాటిండో నాకు ఎరుకే. మా చేన్ల ఉన్నయి కదా అని పెట్టిన,” అంది.

గాలిదుమారాల కాలం వస్తోంది, ప్లేట్ల మీద దుమ్ము పెరుగుతుంది, మేనేజరు ఇంకా మనుషులను పెట్టుకుంటాడు. మళ్ళీ ఆ పని తనకూ తనతో పోయినవాళ్ళకూ రావాలన్నదే ఆమె కోరిక. చివరి రోజుకు మేనేజరును ముఖ్య అతిథిగా పిలుస్తున్నామని ఆమెకు తెలుసు. అందుకే భరిణె తెచ్చింది. కానీ నవ్వులు విన్నాక ధైర్యం చాల్లేదు.

రాత్రికి నేను ఉండేది సర్పంచి వాళ్ళ ఖాళీ గదిలో. మా సంస్థ నుంచి వచ్చిన సమన్వయకర్త కూడా అక్కడే. హైదరాబాద్ అమ్మాయి, మంచి పిల్ల, చదువుకున్నది, దోమలకు భయపడుతుంది. అన్నం తింటూ ఈ కథ చెప్పాను. ఆమె ముఖం చిన్నబుచ్చుకుంది.

“ఆ కథ వద్దక్కా. ఆడవాళ్ళకు సాంకేతిక అవగాహన లేదని మనమే చూపించినట్టు అవుతుంది. పని పోవడం వాళ్ళ తప్పే అన్నట్టు ఉంటుంది. ఫోన్ కథ బాగుంది, అది పెడదాం.”

ఆ పిల్ల మాటలో అబద్ధం లేదు. అదే నాకు విసుగు. ఇన్నేళ్ళుగా నాతో ఇలాగే అంటున్నారు, బాగున్న కథ పెడదాం అని. పొయ్యిల మీద చెప్పించినప్పుడు, కొత్త పొయ్యిని కోళ్ళగూడు చేసుకున్నామె కథ వద్దన్నారు. నల్లా నీళ్ళప్పుడు, బావి దగ్గర ముచ్చట్లు పోయాయని ఏడ్చినామె కథ వద్దన్నారు. వద్దన్నవన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. వాటి బరువు చార్టుల చుట్టకన్నా ఎక్కువ. వాదించే ఓపిక లేక పడుకున్నాను.

మర్నాడు మేనేజరును పిలవడానికి ప్లాంటుకు వెళ్ళాను. గేటు దగ్గర కాపలా ఉన్నతను లేచి నమస్తే పెట్టి, “మా ఇంటామె మీ మీటింగుల కూసుంటాంది,” అన్నాడు. ఎవరని అడిగితే తల దించుకుని, “గా బొట్ల ఆమె,” అన్నాడు. సన్నటి మనిషి, తనకు వదులైన ఖాకీ చొక్కా. పెళ్ళాన్ని ఊరు పిలిచే పేరుతో చెప్పుకోవలసి రావడం ఆయనకు ఎంత కష్టంగా ఉందో ముఖంలోనే కనబడింది.

మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, చల్లటి నీళ్ళిచ్చాడు, తప్పకుండా వస్తానన్నాడు. ఆయన వెనక గోడకు ఒక ఫోటో ఫ్రేము కట్టించి పెట్టారు. దసరా నాటిది. కొత్త చొక్కాలో మేనేజరు, చేతిలో కొట్టిన కొబ్బరికాయ చిప్ప, వెనక ఉద్యోగులు, అందరూ మగవాళ్ళే. మధ్యలో ప్లేట్ల కరెంటంతా వచ్చి చేరే ఇనుప మిషన్, దాని మీద తలుపంత పెద్ద పసుపు ముద్ద, కుంకుమ, బంతిపూల దండ. నేను చూస్తున్నది గమనించి, “ఏటా చేస్తాం మేడమ్. మన సంప్రదాయం కదా,” అన్నాడాయన సంతోషంగా. అవునండి అన్నాను. అంతకన్నా ఏమైనా అంటే ఆరోజు నేను కూర్చున్న కుర్చీలోనే అరిచేసేదాన్ని. ఒంటికి కోపం కూడా బరువైపోయే వయసు ఒకటి వస్తుంది. కానీ ఆరోజు వచ్చిన కోపం బరువుగా లేదు.

తిరిగి వెళ్ళి మా సమన్వయకర్త పిల్లతో చెప్పాను. “మిషన్‌కు పసుపు పూసినవాడు మేనేజరుగానే ఉన్నాడు, ఫ్రేము కూడా కట్టించుకున్నాడు. ప్లేటుకు పూసినామెకు మాత్రం అవగాహన లేదా? నీ ఫ్లెక్సీ మీద రాసింది దీని గురించి కాకపోతే ఇంకెందుకమ్మా?” ఆ పిల్ల ఫ్లెక్సీని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదువుకుంది. తర్వాత, “ఆమెకు ఇష్టమైతే చెప్పనివ్వండక్కా,” అంది. ఇందాక అన్నాను కదా, మంచి పిల్ల.

ఆమెకు ఇష్టమే. ఇష్టం లేనిది ఆమె ఇంటాయనకు. సాయంత్రం డ్యూటీ దిగి సైకిలు మీద నేరుగా భవనం దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు.

“మేడమ్, జర మీరు చెప్పుండ్రి ఆమెకు. గా ముచ్చట సారు ముందర తియ్యొద్దని. ఆ పొద్దు గేటు తీసింది నేను. పండుగ నాడు ఎవ్వరిని లోపటికి రానియ్యొద్దని ఆర్డరుండె. ఆమె చెప్తే సారు అడుగుతడు, గేటు ఎవడు తీసిండని. ఉన్న ఒక్క నౌకరి గూడ పోతే పిల్లలకు ఏం పెట్టాలె?”

ఆమె ఆయన వెనకే నిలబడి వింటోంది. “చెప్పకుంటె నా పని రాదు. చెప్తె ఆయనది పోతది. ఏం జెయ్యాలె మేడమ్?” అని నన్నే అడిగింది. ఇది నీ ఇష్టం, ఎవరి బలవంతమూ లేదు అన్నాను. శిక్షణలో మాకు నేర్పిన మాట అది. ఆ మాట ఎంత పనికిరానిదో ఆ గుమ్మం ముందు నిలబడితే గానీ తెలియదు. వాళ్ళిద్దరూ సైకిలు నడిపించుకుంటూ చెరో పక్కన నడిచి వెళ్ళిపోయారు.

చివరి రోజు భవనం నిండిపోయింది. మగవాళ్ళు కూడా వచ్చారు. మామూలుగా జరిగేట్టే జరిగింది: అతిథులు ప్లాస్టిక్ కుర్చీల్లో, ఆడవాళ్ళు కింద జంపఖానా మీద, మేనేజరుకు శాలువా. కొడవలి కథ అయింది. ఫోన్ కథకు అందరూ నవ్వారు. అవ్వ తన చేటను మేనేజరు ముందు పెట్టి, “ఇందుల పోసెటందుకు ఏమన్న ఉన్నదా సారు?” అంది. ఆయన కూడా నవ్వి చప్పట్లు కొట్టాడు. ఇక అయిపోయిందనుకుని నేను చార్టులు చుడుతున్నాను. అప్పుడు ఆమె లేచింది. చేతిలో భరిణె ఉంది. ఎక్కడో నవ్వు మొదలైంది గానీ ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

“ఒక ఊర్ల ఒక ఆమె ఉండె,” అని మొదలుపెట్టింది. మా అవ్వలు కథ ఎత్తుకున్నట్టే ఎత్తుకుంది. ఆమెకు ఒక కంది చేను ఉండె, ఆ చేను కంచెలకు పోయింది, ఆమె ఏడ్చింది, ఆ చేన్లనే ఆమెకు పని దొరికింది, ఆమె మళ్ళ నవ్వింది. ముసలవ్వ ‘ఊ’ కొడుతోంది. దసరా దగ్గరికి వచ్చేసరికి ‘ఆమె’ పోయి ‘నేను’ వచ్చింది. ఎక్కడ మారిందో నేను కూడా పట్టుకోలేకపోయాను. నూనె కలిపిన సంగతి కూడా దాచలేదు. మేనేజరు ముఖంలో నవ్వు నెమ్మదిగా తగ్గింది.

“అది సరేనమ్మా. పండుగ రోజు గేటు తాళం వేసి ఉంటుంది కదా. ఎవరు తీశారు?” అన్నాడు.

ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “ఎవ్వలు తియ్యలే సారు. నేనే గేటు దూకిన.”

జనం గొల్లుమన్నారు. ఆ గేటు ఇద్దరు మనుషుల ఎత్తు, పైన ఇనుప మొనలు. కొత్త చీరలో, చేతిలో పసుపు గిన్నెతో దాన్ని దూకడం ఎవరికైనా కళ్ళకు కట్టి ఉంటుంది. మేనేజరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె మాత్రం నవ్వకుండా, అదే నిజమన్నట్టు నిలబడింది.

“దూకలే సారు.” గొంతు గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. ఆమె ఇంటాయన ఖాకీ చొక్కా మీదే వచ్చి నిలబడి ఉన్నాడు. “నేనే తీసిన. పండుగ పూట ఇంటామె పసుపు గిన్నె పట్టుకొని వచ్చి నిలబడితె, లోపటికి రావొద్దని ఎట్లంట సారు? నా నోరు రాలే.”

ఆమె ఆయనకేసి చూసిన చూపు నాకు ఇంకా యాదికుంది. ఆయన మీద కోపమో, ప్రేమో తెలియలేదు, రెండూనేమో. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్ని ఊళ్ళు తిరిగి, ఇన్ని కథలు విని, ఇక నాలో కదలడానికి ఏమీ మిగల్లేదనుకున్నాను.

ఆమె మేనేజరు వైపు తిరిగింది. “మీరు మిషిన్‌కు పెట్టిండ్రు సారు. మేం ప్లేట్లకు పెట్టినం. మీది పూజ అయింది, మాది తప్పయింది. నూనె కలిపింది తప్పే, ఒప్పుకుంటున్న. గిప్పటి సంది కలుప. మా పని మాకియ్యుండ్రి.”

మా సంస్థ పిల్ల కెమెరా పట్టుకుని ఉంది. సర్పంచి ఉన్నాడు. మేనేజరు శాలువా సర్దుకుని, కాస్త ఆలోచించి, “వచ్చే సోమవారం నుంచి రండమ్మా, అందరూ రండి. కానీ ఒక్క మాట. ప్లేట్ల మీద పసుపు కుంకుమలు ఇంకెప్పుడూ కనబడకూడదు,” అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆమె కూడా కొట్టింది. మరి మిషన్ మీద కనబడవచ్చా అని ఎవరూ అడగలేదు. అందరికీ కావలసింది దొరికిన పూట అలాంటి ప్రశ్న ఎవరికీ రుచించదు. ఉప్మా చల్లారిపోతోందని వంటామె గుమ్మంలోంచి కేకేసింది.

సోమవారం వాళ్ళు పనికి వెళ్ళారు. ఆమె ఇంటాయన నౌకరీ పోలేదు. పెద్ద గేటు నుంచి వెనక గేటుకు మార్చారంతే. అక్కడ చెట్టు లేదు, గది లేదు, ఎండాకాలమంతా గొడుగు కింద కూర్చున్నాడట. దాన్ని శిక్ష అని ఎవరూ అనలేదు. మా సంస్థ రంగుల పుస్తకం వేసింది. అట్ట మీద ఆమే, వైపరు పట్టుకుని నవ్వుతోంది. లోపల శిక్షణ తర్వాత మహిళలు తిరిగి ఉపాధి పొందారని ఉంది. భరిణె లేదు, గేటు లేదు, వదులు చొక్కా మనిషి లేడు. ఆ పిల్ల రాసింది వేరే, పైవాళ్ళు దిద్దింది వేరే అట. ఫోన్ చేసి బాధపడింది. బాధపడొద్దని చెప్పాను. అలవాటవుతుంది అనబోయి, ఆ మాట మింగేశాను.

మొన్న దసరాకు నేను ఇంటి దగ్గరే ఉన్నాను. మిక్సీకి, గ్యాసు పొయ్యికి, మా ఆయన స్కూటరుకు బొట్లు పెట్టడం అయింది. జమ్మికి పోయే వేళకు ఆమె నుంచి ఫోన్ వచ్చింది. తనకే సొంతంగా ఫోను కొనుక్కుందట, అది చెప్పడానికే ముందు చేసింది. ఇప్పుడు నన్ను మేడమ్ అనదు, అక్క అంటుంది.

“ఈసారి మమ్మల్ని గూడ పూజకు పిలిచిండ్రక్కా,” అంది.

“మంచిదే కదా!”

“మంచిదే. పొద్దుగాల పోయి మిషిన్ రూము ఊడ్చి, అలికినట్టు తుడిచి, ముగ్గేసి వచ్చినం. కొబ్బరికాయ వాళ్ళే కొట్టుకున్నరు. పేడా మాకు గూడ ఇచ్చిండ్రు.”

మరి నీ ప్లేట్ల సంగతేమిటని అడిగాను.

“వాటికి పెట్టలే అక్కా. ప్లేట్లు కంపెనోళ్ళయట గద. నేను తుడిచే కట్టె ఉన్నది చూడు, అది నాది. కట్టెకు కడిగి బొట్టు పెట్టుకున్న. దాన్ని ఎవ్వరు వద్దనరు.” గొంతులో దుఃఖమేమీ లేదు. లెక్క తెగినట్టు, నెమ్మదిగా చెప్పింది.

“మీ చేనులోవే కదా ఆ వరుసలు. ఏ ప్లేటు కింద ఏ గట్టుందో నీకు తెలుసంటివి,” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఊరుకుంటే పోయేది.

అటువైపు పిల్లలు టపాకులు కాలుస్తున్న చప్పుడు వినబడుతోంది.

“మొన్న గదే చూసిన అక్కా. రేగుచెట్టు యాడుండెనో పోల్చుకుందామని వరుసల నడుమ అటు ఇటు తిరిగిన. ఎంతసేపు తిరిగినా దొరకలే. అన్ని ఒక్క తీరుగనే ఉన్నయి,” అంది. తర్వాత, జమ్మికి టైమ్ అయితాంది, ఉంట అక్కా, అని ఫోన్ పెట్టేసింది.